పాత స్టార్ ట్రెక్ మా పాపతో మళ్లీ మొదలుపెట్టాను: ఏ వరుసలో చూడాలి, మూడో సీజన్ వదిలేయొచ్చా?

మంజీరతీరం:

అందరికీ నమస్తే. 1966 నాటి మొదటి స్టార్ ట్రెక్, అంటే ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడలో కెప్టెన్ కిర్క్, స్పాక్, డాక్టర్ మెకాయ్ తిరిగే అమెరికన్ టీవీ సీరియల్, నేను కాలేజీ రోజుల్లో ఫ్రెండ్ దగ్గర తెచ్చుకుని చాలావరకు చూశాను. మా పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చూద్దామని పోయిన ఆదివారం ఇద్దరం మొదలుపెట్టాం. అమెరికాలో 1966 సెప్టెంబర్ 8న మొట్టమొదట ప్రసారమైంది 'ది మ్యాన్ ట్రాప్' కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను, అక్కడే ఆగిపోయాం.

చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పాడుబడ్డ గ్రహం మీద ఒక ప్రొఫెసర్, ఆయన భార్య నాన్సీ ఉంటారు. నాన్సీ నిజానికి ఎప్పుడో చనిపోయింది, ఆమె రూపంలో తిరుగుతున్నది ఆ గ్రహం మీది జీవి, మనుషుల ఒంట్లో ఉప్పు లాగేసుకుని బతుకుతుంది. నాకు అప్పట్లో గుర్తుండిపోయిందల్లా చివర్లో బయటపడే ఆ బొచ్చు మొహం. మా పాప మాత్రం ఆ మొహం చూసి అసలు భయపడలేదు. మెకాయ్ దాన్ని కాల్చేశాక నా వైపు తిరిగి, "మొదట్లోనే ఆ ప్రొఫెసర్ ఉప్పు బిళ్లలు కావాలని అడుగుతూనే ఉన్నాడు కదా నాన్నా, దానికి కావాల్సింది ఉప్పే కదా, ఓడలో ఉప్పు లేదా, ఇచ్చేస్తే అయిపోయేది కదా, పైగా ఆ జాతిలో అదొక్కటే మిగిలిందన్నారు, ఎందుకు చంపారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడే ఆఖరి సీన్ వచ్చింది, అది నాకు అసలు గుర్తే లేదు. కిర్క్ కుర్చీలో మౌనంగా కూర్చుని ఉంటాడు, స్పాక్ ఏమైందని అడిగితే బఫెలోల గురించి ఆలోచిస్తున్నానంటాడు. "బఫెలో అంటే మన బర్రెనా?" అని పాప అడిగింది. కాదు, అమెరికాలో అడవిదున్న లాంటిది, ఒకప్పుడు మందలు మందలుగా ఉండేవి, వేటాడి వేటాడి దాదాపు లేకుండా చేశారు అని చెప్పాను. ఇంకేం మాట్లాడకుండా వెళ్లి పడుకుంది. మర్నాడు రాత్రి రెండోది పెడతానంటే వద్దంది.

మూడు విషయాలు చెప్పండి. ఒకటి, ప్రసారమైన వరుసలోనే చూడాలా, తీసిన వరుసలోనా? రెండు, పాత బొమ్మలతో చూడాలా, కొత్త గ్రాఫిక్స్ వేసిన దాన్నా? మూడు, మూడో సీజన్ బాగోదని అందరూ అంటారు, వదిలేయొచ్చా? వీటన్నిటికంటే ముఖ్యం, పాప అడిగినదానికి జవాబు దొరికే ఎపిసోడ్ ఏదైనా ఉంటే చెప్పండి, దాంతో మళ్లీ కూర్చోబెడతాను.

రాత్రిషిఫ్ట్:

వరుస గురించి నేను చెప్తాను. మొత్తం 79 ఎపిసోడ్లనీ రెండు వరుసల్లోనూ చూశాను. ప్రసారమైన వరుస టీవీ వాళ్ల అవసరం కొద్దీ కుదిరింది, కథ కోసం కాదు. మూడోదిగా వచ్చిన 'వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్' నిజానికి రెండో పైలట్, అంటే సీరియల్ ఒప్పుకోక ముందు ఛానెల్ వాళ్లకి చూపించడానికి తీసిన నమూనా ఎపిసోడ్, మొదటి పైలట్ తప్ప మిగతా అన్నిటికంటే ముందు తీసింది. వరుసలో చూసుకుంటూ వెళ్తే మూడో రోజు హఠాత్తుగా బట్టలు మారిపోతాయి, మెకాయ్ బదులు ఇంకో డాక్టర్ ఉంటాడు, ఓడలో సందేశాలు చూసే ఊహురా కనిపించదు, స్పాక్ గట్టిగా అరుస్తుంటాడు, చివరికి సమాధి రాయి మీద కిర్క్ పేరు కూడా 'జేమ్స్ ఆర్' అని ఉంటుంది, ఆ తర్వాత అతను 'జేమ్స్ టి' అయ్యాడు. కొత్తగా చూసేవాళ్లకి ఇదంతా తికమక.

అందుకే ముందు ఇది చూడండి, తర్వాత 'ది కార్బొమైట్ మనూవర్' చూడండి. పైలట్లు అయ్యాక మామూలు షూటింగ్ మొదలైంది దీంతోనే, కానీ ప్రసారం మాత్రం నవంబర్ 10న, పదో ఎపిసోడ్‌గా. ఓడ మీద ఎవరు ఏం పని చేస్తారు, కిర్క్‌కి టెన్షన్ వస్తే ఎలా ఉంటాడు, భయపడిపోయిన కుర్రాడితో ఎలా మాట్లాడతాడు, అన్నీ అందులో తెలిసిపోతాయి. ఈ రెండూ అయ్యాక ప్రసారమైన వరుసలో వెళ్లిపోవచ్చు, పెద్ద తేడా రాదు.

ఒక్క జాగ్రత్త. మొదటి పైలట్ 'ది కేజ్' విడిగా దొరుకుతుంది, ముందే చూపించకండి. ఛానెల్ వాళ్లు దాన్ని వద్దన్నాక ఆ సీన్లనే చాలావరకు వాడుకుని 'ది మెనాజరీ' అని రెండు భాగాల కథ అల్లారు. అందులో స్పాక్ తన పాత కెప్టెన్ కోసం తన ఉద్యోగం, ప్రాణం కూడా లెక్కచేయకుండా ఓడనే దారి మళ్లిస్తాడు. 'ది కేజ్' ముందే చూసేస్తే స్పాక్ ఎందుకలా చేస్తున్నాడన్న ఆత్రం సగం పోతుంది.

లెక్కలటీచర్:

మంజీరతీరం గారూ, మీ పాప అడిగిన ప్రశ్నకి జవాబు ఆ సీరియల్‌లోనే ఉందండీ. 'ది డెవిల్ ఇన్ ది డార్క్', 1967 మార్చి 9న వచ్చింది, అంటే మీరు చూసినదానికి దాదాపు ఆరు నెలల తర్వాత. మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అదే పెట్టండి.

గనుల్లో పనివాళ్లని ఏదో చంపేస్తోంది, యాభైమందికి పైగా పోయారు, ఒళ్లంతా కాలిపోయి దొరుకుతున్నారు. కిర్క్ వాళ్లు దాన్ని చంపడానికే దిగుతారు. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఆ పనివాళ్ల వైపే ఉన్నాను. రెండోసారి మా తమ్ముడితో చూస్తుంటే కనిపించింది, గని నడిపే పెద్దాయన టేబుల్ మీద ఒక గుండ్రటి రాయి ఉంటుంది. మొదటి పది నిమిషాల్లోనే స్పాక్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాడు, ఇదేమిటని అడుగుతాడు, ఇలాంటివి కింద లక్షలకొద్దీ ఉన్నాయి, ఎందుకూ పనికిరావు అంటాడు ఆయన. అంతే, మాట మారిపోతుంది. ఆ తర్వాత సంగతి తెలిసి చూస్తుంటే నాకు ఆ సీన్‌లో ఊపిరి ఆడలేదు. ఎందుకంటే అది రాయి కాదు, గుడ్డు. వీళ్లు తవ్వుకుంటూ పోతూ వేల గుడ్లు పగలగొట్టేశారు, ఆ తల్లి వాటిని కాపాడుకోవడానికే చంపుతోంది. యాభై వేల ఏళ్లకోసారి ఆ జాతి మొత్తం చచ్చిపోయి ఒక్కటే మిగులుతుంది, గుడ్లన్నిటికీ అదే తల్లి. మీ పాప మాటలో చెప్పాలంటే, 'అదొక్కటే మిగిలింది'.

ఇంకొకటి గమనించండి. వెతకడానికి బయల్దేరేటప్పుడు స్పాక్, ఇది జాతిలో ఆఖరిది కావొచ్చు, వీలైతే పట్టుకుందాం అంటాడు, కిర్క్ ఒప్పుకోడు, చంపాల్సిందే అంటాడు. కాసేపటికి కిర్క్ ఒంటరిగా దాని ఎదుట పడతాడు, ఆ సంగతి తెలిసిన స్పాక్ వెంటనే చంపెయ్యమని కంగారుగా చెప్తాడు. అప్పుడు కిర్క్ ఆగుతాడు. స్నేహితుడి ప్రాణం మీదికొచ్చేసరికి స్పాక్ తన మాటే మర్చిపోతాడు, అది కళ్లెదుట నిలబడేసరికి కిర్క్ తన పంతం వదిలేస్తాడు. ఈ తారుమారు గురించి ఎవరూ ఒక్క మాట కూడా ఎత్తరు, మనమే పట్టుకోవాలి.

ఆ జీవి రాతి మీద మూడు మాటలు రాస్తుంది, 'నో కిల్ ఐ' అని. నన్ను చంపొద్దు అనా, నేను చంపను అనా? కిర్క్ కూడా అదే అడుగుతాడు. అక్కడ ఒక్క నిమిషం ఆపి పాపనే అడగండి.

కోటిపల్లిరేవు:

లెక్కలటీచర్ గారూ, చాలా బాగా చెప్పావమ్మా. ఆ జీవి తొడుగులో పాకింది జానోస్ ప్రొహాస్కా, ఆ తొడుగు ఆయన స్వయంగా తయారు చేసుకున్నదే. కథ రాసింది జీన్ కూన్, ఆ పేరు కనిపించిన ఎపిసోడ్ ఏదైనా వదలొద్దు, 'అరీనా', 'ఎర్రండ్ ఆఫ్ మెర్సీ' కూడా ఆయనవే. శత్రువని మనం అనుకున్నవాడి వైపు కూడా ఒక నిజం ఉందని ఆయన మళ్లీ మళ్లీ రాశాడు. ఈ ఎపిసోడ్ షూటింగ్ జరుగుతుండగానే కిర్క్‌గా వేసిన షాట్నర్ గారి నాన్న పోయారు. ఆ రోజు పని పూర్తిచేసి మరీ వెళ్లారట, తనకి అన్నిటికంటే ఇష్టమైన ఎపిసోడ్ ఇదేనని తర్వాత చెప్పుకున్నారు.

రెండో ప్రశ్నకి నా మాట. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున ఇది వచ్చేది. మా వీధికంతా రెండే టీవీలు, రెండూ బ్లాక్ అండ్ వైటే. మేం పదిహేనుమందిమి పక్కింటివాళ్ల ముందుగదిలో చాప మీద కూర్చునేవాళ్లం, ఒకడు డాబా మీద యాంటెన్నా తిప్పుతుండేవాడు, కింద నుంచి "వచ్చింది, వచ్చింది, ఆగు" అని అరిచేవాళ్లం. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కావు. చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి కొనిచ్చిన కలర్ టీవీలో చూస్తే నాకు కొత్త సీరియల్ చూసినట్టయింది. చొక్కాలు మూడు రంగులని నాకు అప్పటిదాకా తెలీదు! కిర్క్‌ది పసుపు, స్పాక్‌దీ డాక్టర్‌దీ నీలం, ఇంజనీరు స్కాటీది ఎరుపు. ఎర్ర చొక్కా వేసుకుని దిగినవాడు తిరిగి రాడన్న మాట అందరూ అంటుంటారు కదా, మాకు అందరూ బూడిదరంగులోనే కనిపించేవాళ్లు, ఎవరు పోతారో చివరిదాకా తెలిసేది కాదు. ఆ కిర్క్ చొక్కా గుడ్డ కూడా అసలు ఆకుపచ్చ ఛాయదేనట, లైట్ల కింద కెమెరాకి పసుపుగా పడింది. అప్పటికి అమెరికాలో కలర్ టీవీలు ఇంటింటికీ చేరుతున్న రోజులు, దీన్ని వేసిన ఎన్‌బీసీ ఛానెల్ సొంతదారు ఆర్‌సీఏ కంపెనీయే కలర్ సెట్లు అమ్మేది. అందుకే గోడలమీద కూడా ఊదా, నారింజ లైట్లు పోశారు.

కాబట్టి పాత బొమ్మలతోనే చూపించు బాబూ. 2006 నుంచి కొత్తగా వేసిన గ్రాఫిక్స్‌లో ఓడ నున్నగా ఉంటుంది, కానీ లోపల గది ఒక కాలానిది, బయట ఓడ ఇంకో కాలానిది అయిపోయింది. ఆనాటి మనుషులు కొయ్యతో, దీపాలతో, దారాలతో చేసిన పని అది, పిల్లలకి ముందు అదే చూపించాలి. బ్లూరే డిస్కుల్లో రెండూ ఉంటాయి, ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

రాత్రిషిఫ్ట్:

బాబాయ్ గారూ, మీ మాట కాదనను కానీ ఒక్క ఎపిసోడ్‌కి మాత్రం నేను కొత్తదే చూడమంటాను, 'ది డూమ్స్‌డే మెషిన్'. గ్రహాలను ముక్కలు చేసి మింగే యంత్రం, దానివల్ల తన సిబ్బందినంతా పోగొట్టుకున్న ఇంకో ఓడ అధిపతి కమోడోర్ డెక్కర్. పాతదాంట్లో దెబ్బతిన్న రెండో ఓడ కోసం బజార్లో దొరికే పిల్లల మోడల్ కిట్ వాడారు, నంబర్ కూడా ఎంటర్‌ప్రైజ్ నంబరైన 1701 అంకెల్నే అటూఇటూ చేసి 1017 అని పెట్టారు. డెక్కర్‌గా వేసిన విలియం విండమ్ మొదటి సీన్‌లో కళ్లు ఎటో పెట్టి, మా వాళ్లని కిందికి దించాను, ఆ గ్రహమే ఇప్పుడు లేదు అని చెప్తుంటే మన కడుపులో తిప్పుతుంది. అంత నటన తర్వాత బయట బొమ్మ ఓడ కనిపిస్తే ఈ కాలం పిల్లలు అక్కడే జారిపోతారు. కొత్తదాంట్లో ఆ యంత్రం ఎంత పెద్దదో కంటికి తెలుస్తుంది, ఆయన భయం ఎందుకో అర్థమవుతుంది.

అలాగే 'స్పేస్ సీడ్' కూడా తొందరగా చూపించండి. అందులో విలన్ ఖాన్ నూనియెన్ సింగ్ ఉత్తర భారతదేశం వాడని, బహుశా సిక్కు అని ఆ ఓడలో చరిత్రకారిణి చెప్తుంది, తలపాగాతో అతని బొమ్మ కూడా గీస్తుంది. వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్. ఖాన్ మళ్లీ వచ్చే 1982 స్టార్ ట్రెక్ సినిమా చూడాలంటే ముందు ఇది చూసి తీరాలి.

పోటోమాక్‌నుంచి:

కోటిపల్లి బాబాయ్ గారు కొయ్యతో చేసిన పని అన్నారు కదా, నేను దాన్ని కళ్లారా చూశాను. మేం వర్జీనియాలో ఉంటాం, వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో షూటింగ్‌కి వాడిన అసలు ఎంటర్‌ప్రైజ్ మోడల్ ఉంది. పదకొండు అడుగులు. 2016లో బాగుచేసి మళ్లీ పెట్టారు. నేను ముందువైపు నుంచి చూసి, చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్లి ఆగిపోయాను. ఆ వైపు దాదాపు ఖాళీ! కుడివైపు ఉన్న కిటికీలు, రాతలు ఇటు లేవు. దీపాలకి కరెంటు తీగలన్నీ ఎడమవైపు నుంచే లోపలికి వెళ్తాయి కాబట్టి కెమెరా ఎప్పుడూ కుడివైపే ఉండేది, ఇటువైపు పూర్తిచేయాల్సిన అవసరమే రాలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఒక ఎపిసోడ్ పెట్టుకుని ఓడ వచ్చిన ప్రతిసారీ ఏ వైపు తిరిగి ఉందో చూస్తూ కూర్చున్నాను. నేను పాత బొమ్మల పక్షమే.

మూడో సీజన్ మాత్రం దయచేసి వదిలేయకండి. రెండోదాంతోనే ఆపేస్తారన్న మాట బయటికి వస్తే జనం ఉత్తరాలు రాసి రాసి నిలబెట్టుకున్న సీజన్ అది. 1968 మార్చి 1న ఎపిసోడ్ అయిపోయాక సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించారు. అంతా చేస్తే శుక్రవారం రాత్రి పది గంటలకు పడేశారు, డబ్బు తగ్గించారు, జీన్ కూన్ అప్పటికే నిర్మాత పని వదిలి వెళ్లిపోయారు. మొదటిదే 'స్పాక్స్ బ్రెయిన్', బాగోదు, అది దాటేయండి. కానీ వెంటనే వచ్చే 'ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్' చూడండి, 'డే ఆఫ్ ది డవ్' చూడండి, 'ది థోలియన్ వెబ్' చూడండి.

చివర్నుంచి రెండోది 'ఆల్ అవర్ యెస్టర్డేస్' అయితే నాకు మొత్తం సీరియల్లోనే చాలా దగ్గరైంది. సూర్యుడు పేలిపోబోతున్న గ్రహం, జనమంతా మాయమయ్యారు, ఒక్క లైబ్రేరియన్ మిగిలాడు, ఒక్కొక్కరినీ వాళ్లకి నచ్చిన గతకాలంలోకి పంపించేశాడు. పొరపాటున స్పాక్, మెకాయ్ మంచుయుగంలోకి పడతారు. అక్కడ ఒంటరిగా శిక్ష అనుభవిస్తున్న అమ్మాయి జారబెత్. స్పాక్ మాంసం తింటాడు, కోప్పడతాడు, ప్రేమిస్తాడు. ఇది రాసినావిడ జీన్ లిసెట్ అరోస్ట్, ఆమె కూడా యూనివర్సిటీ లైబ్రేరియనే. తిరిగొచ్చాక స్పాక్ ఆ అమ్మాయి గురించి చెప్తూ, ఆమె చనిపోయి వేల ఏళ్లయిందంటాడు. మొదటిసారి చూసినప్పుడు అది స్పాక్ మామూలుగా చెప్పే లెక్కలా వినిపించింది. మా అమ్మ పోయాక మళ్లీ చూశాను, ఆ మాట దగ్గర టీవీ ఆపేసి బాల్కనీలోకి వెళ్లిపోయాను.

లెక్కలటీచర్:

ఇంకొకటి చెప్పడం మర్చిపోయానండీ. పాప మనసు తేలికపడాలంటే ఆ తర్వాత 'ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్' పెట్టండి, 1967 డిసెంబర్ 29ది. బొచ్చు బంతుల్లాంటి జీవులు, తిండి దొరికితే చాలు పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. ధాన్యం గిడ్డంగి తలుపు తెరిస్తే కిర్క్ నెత్తిన కుప్పగా పడతాయి. అక్కడ స్పాక్ మొత్తం 17,71,561 ఉంటాయని చెప్తాడు. నేను తొమ్మిదో తరగతి పిల్లలకి ఘాతాంకాలు చెప్పేటప్పుడు ఈ అంకె బోర్డు మీద రాసి, ఇది ఎలా వచ్చిందో కనుక్కోమంటాను. ఒక్క ట్రిబుల్, పన్నెండు గంటలకోసారి పది పిల్లలు, మూడు రోజులు. తల్లి కూడా ఉంటుంది కదా, అది మర్చిపోయినవాళ్లకి పది లక్షలు వస్తుంది, మర్చిపోనివాళ్లకి సరిగ్గా స్పాక్ చెప్పినదే వస్తుంది. మీ పాపకి చెప్పకండి, కాగితం పెన్ను ఇవ్వండి చాలు.

మంజీరతీరం:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి 'ది డెవిల్ ఇన్ ది డార్క్' చూశాం. టేబుల్ మీద రాయి గురించి నేనేమీ చెప్పలేదు. స్పాక్ దాన్ని పట్టుకున్నప్పుడు పాప తన అరచేతిని కూడా అలాగే గుండ్రంగా పెట్టుకుంది, ఎందుకో తనకీ తెలియదు. 'నో కిల్ ఐ' దగ్గర ఆపి అడిగాను. చాలాసేపు ఆలోచించి, "రెండూ అయ్యుంటాయి నాన్నా, దానికి మన భాష సరిగ్గా రాదు కదా, ఒక్కదాంట్లోనే రెండూ రాసేసింది" అంది. గుడ్లు పగిలిపోయిన గది వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. మెకాయ్ ఆ గాయానికి సిమెంటు పూసి బాగుచేస్తుంటే లేచి నిలబడింది.

అయిపోయాక తనే రిమోట్ తీసుకుని 'ది మ్యాన్ ట్రాప్' మళ్లీ పెట్టింది, చివరి రెండు నిమిషాలు. కిర్క్ బఫెలో అన్నాక ఆపింది. "పాపం, ఆయనకి అప్పుడే తెలిసింది, కాకపోతే లేట్ అయిపోయింది" అంది. ఇంకో ప్రశ్న కూడా వేసింది, మెకాయ్‌కి నాన్సీ అంటే ఇష్టం కదా, ఆ మొహాన్ని కాల్చాల్సి వచ్చినవాడు అతనే కదా, మరి ఆఖర్లో కెప్టెన్ గురించే చూపించారేంటి అని. దీనికి కూడా నా దగ్గర జవాబు లేదు, మీకు తెలిస్తే చెప్పండి.

ఈ రోజు నుంచి రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన వరుస, కోటిపల్లి బాబాయ్ గారు చెప్పిన పాత బొమ్మలు. ట్రిబుల్స్ శనివారానికి ఉంచాం, కాగితం పెన్ను సిద్ధంగా పెట్టాను.